సంచుల కాపలా

మా ఆయనకి విహారయాత్ర అప్పజెబితే దండయాత్ర చేసి పెడతారు. ఈ వేసవికి ఊరి బయటున్న పాత దొరల బంగళా చూసి రావాలనుకున్నాం. అంతే, భోజనాల బల్ల మీద పటం పరిచి, ఎవరు ఏ నిమిషానికి ఎక్కడుండాలో ఎర్రసిరాతో రాసేశారు.

"పదింటికి అద్దాల హాలు. పదీ ఇరవైకి గుర్రాల శాల. పదీ నలభైకి గులాబీ తోట. వాసన చూడ్డానికి ఐదు నిమిషాలు," అని చదివారు.

"ఐదెందుకండీ, ఉన్నది ఒక్క ముక్కేగా," అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. "అమ్మ పది నుంచి నాలుగు దాకా గేటు పక్క బెంచీ మీద. సంచులు చూసుకుంటుంది."

"ఆరు గంటలా? సంచులకే విసుగొస్తుంది."

"నీకు తెలీదులే. అమ్మకి ఆ బెంచీ అంటే ప్రాణం. నా చిన్నప్పుడు రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ అక్కడే కూర్చుంది. ఇలాంటివి చూడ్డం ఆవిడకి సరదా లేదు. కదమ్మా?"

కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తలేదు.

"కూర్చోలేదురా, కూర్చోబెట్టారు. అందరూ లోపలికెళితే సంచులెవరు చూస్తారన్నారు మీ నాన్న. రెండోసారి నడవాలని కొత్త చెప్పులు కొనుక్కుని మరీ వచ్చాను. అప్పుడూ అదే మాట. అద్దాల హాలు ఎలా ఉంటుందో నువ్వు చెబితే విన్నదే."

నిమిషాల లెక్క తెలిసిన మనిషి ఎర్రసిరా కలం తీసి, బెంచీ పక్కన రాసిన ఆరు గంటలూ కొట్టేశారు.

"తప్పు నాదేనమ్మా," అన్నారు. "నీకదే ఇష్టమనుకున్నాను. ఒక్కసారీ అడగలేదు."