కొండవాడ హర్షం

కొత్త గవర్నర్ తన నియామకాల జాబితా చదివిన రోజే కొండవాడకు మంచినీళ్ల మోటారు ఆగిపోయింది. నీటి శాఖకు అధికారిగా వచ్చిన భాస్కరమూర్తికి ముందు నది ఒడ్డున రంగుల ఫౌంటెన్లు కావాలట. కొండ సంగతి తర్వాతట.

"ఆ ఫౌంటెన్లలో వాణ్ణే ముంచాలి!" అంది మంగతాయారు, కొండ కింద కుళాయి దగ్గర నిండు బిందె నడుం మీదకెత్తుకుంటూ. ఇంటికి నూట ఎనభై మెట్లు. పైన మంచం పట్టిన అత్త గొంతెండి ఎదురుచూస్తోంది.

ప్రజల మాట అడగడం ఎప్పుడో మానేశారు. అందరి మణికట్టుకీ సర్కారు పట్టీ ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే ప్రభుత్వమంటే అంత ఉత్సాహమని దాని లెక్క.

వారం తిరిగేసరికి రాష్ట్రంలో కొండవాడే ఫస్టు వచ్చింది. తొంభై ఏడు శాతం హర్షం! అందులోనూ మంగతాయారుదే మొదటి స్థానం.

"హర్షం కాదు నాయనా, ఆయాసం!" అని వార్డు ఆఫీసులో నెత్తీనోరూ కొట్టుకుంది. అక్కడి మరమనిషి అభినందనలు చెప్పి పంపేసింది.

మర్నాడు ఆమెను సన్మానించడానికి భాస్కరమూర్తే శాలువాతో కొండెక్కాడు. పైమెట్టు మీద కూలబడ్డాడు. అతని పట్టీ పచ్చగా వెలిగింది.

"అధికారిగారు పరమానందంలో ఉన్నారు," అని గట్టిగా ప్రకటించింది.

కొండవాడంతా గొల్లున నవ్వింది.

"అమ్మా... కాసిని మంచినీళ్లు..."

మంగతాయారు శాలువా మడిచి అతని ఒళ్లోనే పెట్టింది. దాని మీద ఖాళీ బిందె పెట్టింది.

"కింద ఉన్నాయి సార్. దారి ఇప్పుడే చూశారుగా."