వరండాలో చిన్నవ్వ

ప్రార్థన మధ్యలో కరుణ టీచర్ ఒక కన్ను తెరిచి చూసింది.

పిల్లలందరూ బుద్ధిగా కళ్లు మూసుకుని ఉన్నారు. వరండా గట్టు మీద కూర్చున్న ముసలామె చిన్నవ్వ మాత్రం కళ్లు తెరిచే ఉంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. పైగా పెదవులు చకచకా కదులుతున్నాయి.

కరుణకు ఒళ్లు మండింది. మనం ఇక్కడ దేవుణ్ణి ప్రార్థిస్తుంటే ఈవిడ అక్కడ కూర్చుని ఏ మంత్రం చదువుతోందో!

సూరత్‌లో మగ్గాల కార్ఖానాల మధ్య రెండు గదుల మిషన్ బడి అది. తెలంగాణ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు తెలుగులో చదువుకోవడానికి ఆ గల్లీలో అదొక్కటే దిక్కు. పొద్దున కీర్తన, తర్వాత ఎక్కాలు, పద్యాలు. ఏ రోజు చెప్పింది ఆ మర్నాడు అప్పజెప్పాలి. గుంటూరు నుంచి వచ్చిన కరుణ పెట్టిన నియమం అది. పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పేవారు. తన బోధనే అంత గొప్పదని ఆమె లోలోపల పొంగిపోయేది. పొంగిపోదూ మరి!

నెలాఖరుకు మిషన్ నుంచి దేవదాస్ గారు తనిఖీకి వస్తున్నారు. పిల్లలకు చదువు వంటబట్టలేదని ఆయనకు అనిపిస్తే, జూన్ నుంచి తెలుగు తరగతి ఎత్తేసి అందరినీ హిందీ మీడియంలో కలిపేస్తారు. ఆ దిగులు ఒకవైపు తినేస్తుంటే, మధ్యలో ఈ ముసలమ్మ ఒకతి!

ప్రార్థన కాగానే కరుణ వరండాలోకి వచ్చింది.

“ఏమ్మా, రోజూ ఇక్కడెందుకు కూర్చుంటున్నావు?”

“ఊకెనే కూసున్న టీచరమ్మా. పోరగాండ్లను జూస్తె పానం మంచిగుంటది.”

“బడి అయ్యాక గల్లీలో చూసుకో. నువ్విక్కడ గొణుగుతుంటే పిల్లల మనసు చెదురుతుంది.”

“జర సప్పుడు జెయ్యకుంట కూసుంట బిడ్డా.”

“వద్దమ్మా. రేపటి నుంచి రావద్దు.”

చిన్నవ్వ కొంగు దులుపుకుని లేచింది. గేటు దాకా వెళ్లి ఆగింది.

“ఆ పన్నెండో ఎక్కం జర మల్లొక్కపారి జెప్పు బిడ్డా. పిల్లలకు కష్టమైతున్నది.”

నాకే పాఠాలు చెబుతోందని కరుణ ఉడికిపోయింది.

మూడు వారాలు ప్రశాంతంగా గడిచాయి. కానీ అప్పజెప్పమంటే పిల్లలు నీళ్లు నములుతున్నారు. ఎండలు ముదిరాయి కదా, అందుకేనని కరుణ సరిపెట్టుకుంది.

దేవదాస్ గారు వచ్చారు. ఈ నెల నేర్పిన కీర్తన చెప్పమన్నారు. అందరికన్నా చురుకైన సంతోషి లేచి, రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. ఎక్కం అడిగారు. పద్యం అడిగారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“మీరు కష్టపడుతున్నారమ్మా, కాదనను. కానీ వీళ్లకు ఇంటి దగ్గర చెప్పేవాళ్లు లేరు కదా. హిందీలో కలిపేద్దాం” అన్నారాయన. కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు.

కరుణకు ఏడుపొచ్చినంత పనైంది. సంతోషిని దగ్గరకు పిలిచింది.

“పోయిన నెల గడగడా చెప్పావు కదే! ఇప్పుడేమైంది?”

“అవ్వను బడికి రానిస్తలేరు గద టీచర్.”

“అవ్వకూ నీ చదువుకూ ఏం సంబంధం?”

“మా మమ్మీకి సదువు రాదు. కార్ఖానకెళ్లి అచ్చి పంటది. పొద్దూకంగ అందరం అవ్వ రూంకి పోతుంటిమి. మొత్తం అప్పజెప్పినంకనే ఇంటికి పంపేది. తప్పు జెప్తే ‘ఫిర్ సే’ అని మల్ల మొదటికెల్లి జెప్పిస్తుండె.”

“ఆవిడకు చదవడం వచ్చా?”

“రాదు టీచర్. మీరు జెప్తుంటె వరండల కూసొని నోటికి నేర్సుకునేది. ఇప్పుడు ఆమెకు కొత్త పాఠాలు తెల్వయి గద.”

కరుణ ఖాళీగా ఉన్న వరండా గట్టు వైపు చూసింది. తను మంత్రమనుకున్నది తన కీర్తనే! మనుమల చదువు కోసం ఆ వయసులో ఆ పెద్దావిడ ఎన్ని తంటాలు పడింది!

సిగ్గుతో తల వంచుకుని అప్పటికప్పుడు గల్లీలోకి నడిచింది. క్షమాపణ అడగాలి. రేపటి నుంచి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఇంకొక్క నెల గడువివ్వమని దేవదాస్ గారిని బతిమాలుకోవాలి.

చిన్నవ్వ గదికి తాళం ఉంది.

పక్క గుమ్మంలో చీరకు మెరిసే రాళ్లు అంటిస్తున్న లత తలెత్తింది.

“అవ్వ ఇయ్యాల పొద్దుగాల్నే ఊరికి వోయింది మేడం. ఇగ రాదట. ‘బడికి రావద్దన్నరు, ఇంక ఈడ ఉండి ఏం జెయ్య’ అని సామాన్ గట్టుకున్నది.”

కరుణ లత దగ్గరకు వచ్చింది.

“మరి మనుమల్ని వదిలి ఎలా వెళ్లగలిగింది? మా బడిలో ఆమె మనుమలు ఎవరు లతా? కనీసం వాళ్లనైనా దగ్గర కూర్చోబెట్టుకుని నేనే చదివిస్తాను.”

లత చేతిలో పని ఆపి వింతగా చూసింది.

“మనుమలెక్కడియి మేడం? మీ బడిల సదివే పిల్లలల్ల ఆమె సొంతపోళ్లు ఒక్కలు గూడ లేరు.”