ధర్మవరం సార్

ఆ గురువారం ఇంట్లో ఉన్నది అమ్మ పద్మజ, నాయన నాగరాజు, అవ్వ మారెమ్మ, మహేశ్వరి, గంప కింద పొదుగుతున్న కోడిపెట్ట.

కోడి తప్ప ఎవరూ ఒక్కచోట కూర్చోలేదు.

ధర్మవరం సార్ వస్తున్నాడు మరి!

మహేశ్వరి బడికి పోదు. ఏడో తరగతి అయ్యాక హాస్టల్లో వేస్తే, కొత్తవాళ్ల మధ్య ఇంకో ముద్ద అన్నం కూడా అడగలేక, జ్వరంతో ఇల్లు చేరింది. అప్పటినుంచి అమ్మే పంతులమ్మ. లెక్కలు, తెలుగు, సోషల్ ఎలాగో నెట్టుకొచ్చింది. సైన్సు దగ్గర బండి ఆగిపోయింది.

"ఉల్లిపొర నిజంగా ఇట్లే ఉంటాదామ్మా, గోడకు ఇటుకలు పేర్చినట్ల?" అని పుస్తకంలో బొమ్మ చూపించి పిల్ల అడిగితే, "ఉంటాదనే కదా రాసినారు" అనడం తప్ప అమ్మకు దారి లేకపోయింది.

అయినా అమ్మ ఊరుకునే రకం కాదు. ఫోన్లో వెతికి వెతికి, పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునేవాళ్ల గ్రూపు ఒకటి పట్టింది. అందులో దొరికాడు ధర్మవరం సార్. మైక్రోస్కోపు, గాజు పలకలు, బొమ్మల పుస్తకాలు ఒక పెట్టెలో సర్ది, అలాంటి పిల్లలకు ఏడాదిపాటు ఊరికే ఇస్తాడు. నెలకోసారి వచ్చి నేర్పించి పోతాడు. ఫోన్లో మాట్లాడడు, అన్నీ మెసేజీలే. గ్రూపులో అందరూ 'సార్, సార్' అని రాస్తుంటే అమ్మా అలాగే రాసింది.

"ఉన్నది ఒకటే పెట్టె. ముందు మీ ఇంటికే వస్తా. మీకు అక్కర లేకపోతే హిందూపురంలో ఇంకో పాప కాచుకొని ఉంది" అని నిన్ననే మెసేజీ వచ్చింది.

నాయన కూడా తన మాట చెప్పేశాడు. "పెట్టె వస్తే సరే, ఇంట్లోనే చదువుకో. రాకుంటే జూన్‌లో హాస్టలే. సైన్సు రాకుండా పది ఎట్ల రాస్తావుమే?"

పెట్టె వస్తుంది! ఎందుకు రాదు?

మహేశ్వరి పళ్లెం నిండా సరుకు సిద్ధం చేసింది. ఉల్లిపొర, చీమ రెక్క, మల్లె పుప్పొడి, అమ్మ పెళ్లిచీర కుచ్చు నుంచి ఊడిన పట్టుపోగు, చిన్న గిన్నెలో తొట్టి నీళ్లు.

అవ్వ పళ్లెంలోకి వంగి చూసింది. "ఏందిమే ఇది? సార్‌కి టిఫినా?"

"కాదవ్వా! ఇవన్నీ పెద్దగా చేసి చూపించే మిషను తెస్తాండాడు!"

"అట్లయితే ఒక పూట నాకియ్యి. సూదిలో దారం ఎక్కించుకోవల్ల."

నాయన ఆటో కడిగాడు. "ధర్మవరం నుంచి అంటే సార్ బస్సులోనే దిగుతాడు. సోమందేపల్లి క్రాస్ దగ్గర నిలబడి పిల్చుకొని వస్తాం."

"పెట్టె పట్టుకున్న మగమనిషి ఎవురు దిగినా వదలొద్దు" అంటూ అమ్మ ఫోను పట్టుకుని ఎక్కింది.

ఆటో పోయిన కాసేపటికి వాకిట్లో స్కూటరు ఆగింది.

కొత్త మనిషి అడుగుల చప్పుడు వినగానే, అలవాటు ప్రకారం మహేశ్వరి పళ్లెంతో సహా తలుపు చాటుకు చేరింది. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పద్మజమ్మ ఇల్లు ఇదేనా అవ్వా?" ఆడమనిషి గొంతు.

"అవును. ఎవురు?"

"బడికి పోని పిల్ల ఉండాదంట కదా ఈ ఇంట్లో?"

అవ్వ వీపు నిటారైంది.

పోయిన నెలలో బడి మానేసిన పిల్లల లెక్క రాసుకునేవాళ్లు వచ్చి సరిగ్గా ఇదే మాట అడిగారు. అవ్వ ఉందని నోరు జారింది. వాళ్లు పేరు రాసుకుని, హాస్టల్లో వేయమని నాయనకు నూరిపోసి వెళ్లారు. ఆ రోజు నుంచి అవ్వ తన నోటిని తిట్టుకోని పూట లేదు.

మళ్లీ జారుతుందా?

"ఎవురు చెప్పినారమ్మా నీకు? మా పిల్ల బంగారట్ల బడికి పోతాంది."

"నిజంగానా అవ్వా?"

"నిజం కాకపోతే? పొద్దున్నే నేనే జడేసి పంపిస్తి."

తలుపు చాటున మహేశ్వరి తన జడ కొస నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగడం లేదు. గండం గడిచింది! ఈసారి అవ్వ గెలిచింది!

వచ్చినామె దబాయించలేదు. "ఎంత మంచి మాట చెప్తివవ్వా! శానా సిగ్గు పిల్ల అని వింటి. నలుగురిలోకి పోతాందంటే అంతకన్నా ఏం కావల్ల!"

"ఏమీ వద్దు. నువ్వు పోయిరా తల్లీ, ఈడ కోడి పొదుగుతాంది."

లెక్క రాసుకునేవాళ్లు ఇలా సంబరపడటం మహేశ్వరి ఎప్పుడూ వినలేదు. ఎవరో ఒక్కసారి తొంగి చూద్దామా అనుకుంది. ముఖం చూపించడానికి సిగ్గేసి ఆగిపోయింది.

స్కూటరు స్టార్టయింది. అవ్వ తలుపు రెక్కలు దగ్గరికి లాగింది.

"పద్మజమ్మ వస్తే చెప్పవ్వా, నేను హిందూపురం పోతాండానని! ఇంకమీదట ఫోన్లో నన్ను సార్, సార్ అని రాయొద్దు, అక్కా అంటే చాలని!" అంటూ బండి చప్పుడు మీదుగా ఆమె నవ్వుతూ అరుస్తుండగానే, అవ్వ ఆమె ముఖం మీదే తలుపు మూసి గడియ పెట్టింది.