జీరో పెట్టిన చేయి

నస్పూర్ వర్క్‌షాపులో సేటు కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్‌ను నవతకు అప్పగించిన నాటి నుంచి కొండల్‌కు అన్నం సహించడం లేదు. మిషన్లను కోతకు సిద్ధం చేసే సెట్టర్లలో అందరికన్నా పాతవాడు తను. తను సెట్ చేసిన పీసు ఒక్కటీ రిజెక్ట్ కాలేదు.

ఇవాళ తిండి మధ్యలోనే లేచి లోపలికి వచ్చాడు. నవత అతని మిషన్ దగ్గరుంది. ప్యానెల్ నొక్కుతూ, కోత మొదలయ్యే జీరో పాయింట్‌ను జరుపుతోంది.

"దొరికినవ్! నా సెట్టింగ్ ఖరాబ్ జేస్తున్నవా?"

"మెల్లగ అన్నా, సేటు ఇంటడు. నీ కండ్లకు డయల్ ముల్లు సక్కగ ఆనుతలేదు. జీరో జర తప్పుతున్నది. ఎండకాలం సంది రోజూ నేనే సరిజేస్తున్న."

కొండల్ డయల్ మీదికి వంగి కళ్లు చికిలించాడు.

"గింత జల్దీ వచ్చినవేంది? తినలేదా?"

ఎంగిలి చేతిని వెనక్కి దాచుకున్నాడు. ఆమె మిషన్‌లో జీరో మార్చేసి, ఎవరూ చూడకముందే పోయి మిగతా అన్నం తినాలనుకునే అతను లోపలికి వచ్చాడు.