అత్తగారి దీవి

"కాఫీ మళ్ళీ చల్లారిపోయింది. ఫ్లాస్కు మూత గట్టిగా బిగించమని పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను," అంది బోడిల్.

"ఉత్తర ధ్రువం పక్కన కూర్చుని కాఫీ చల్లారిందని ఏడ్చేదానివి నువ్వొక్కదానివే," అన్నాడు ప్రెబెన్, రాయి మీద రాయి పేరుస్తూ.

మొగుడూ పెళ్ళాలిద్దరూ డెన్మార్కులో మ్యాపులు గీసే ఆఫీసులో ఉద్యోగస్తులు. గ్రీన్‌లాండ్ ఉత్తరపు కొసన, సముద్రపు మంచు మధ్యలో ఎవరూ అడుగుపెట్టని దీవి ఒకటి కొత్తగా కనబడిందంటే కొలవడానికి వచ్చారు. పొద్దున హెలికాప్టరు దించి వెళ్ళింది. దీవి అన్నానని మరీ ఊహించుకోకండి. సగం ఫుట్‌బాల్ మైదానమంత బురద, దానిమీద గులకరాళ్ళు. గడ్డిపోచ లేదు, పిట్ట రాదు. వేసవి కాబట్టి సూర్యుడు అస్తమించడు. అలాగని వెచ్చగానూ ఉండడు.

ఈ ఆస్తికి ఎవరి పేరు పెట్టాలన్నదే గొడవ.

"మా అమ్మ పేరే. గుడ్రున్ దీవి. ఇంక మాట్లాడకు," అన్నాడు ప్రెబెన్.

"మా ఇంట్లో కర్టెన్లు ఆవిడవి. పింగాణీ పళ్ళేలు ఆవిడవి. కుక్కకి పేరు పెట్టింది ఆవిడ. ఇంతదూరం వచ్చినా ఆవిడేనా? మా అమ్మేం పాపం చేసింది?"

"మీ చెల్లెలి మొగుడు సముద్రం ఒడ్డున వేసవి ఇల్లు కొన్నానని ఎంత ప్రాణం తీస్తున్నాడో చూస్తున్నావుగా? వాడికి సముద్రం ఒక పక్కే. మా అమ్మకి నాలుగు పక్కలా!"

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించి బోడిల్ ఓ క్షణం తగ్గింది. అప్పుడే ఆమె కోటు లోపల రేడియో గరగరలాడింది. పైలట్ సాలిక్.

"పొగమంచు దిగుతోంది. వచ్చేస్తున్నా, సామాను సర్దుకోండి."

"అరగంట ఆగు నాయనా, ఇంకా పేరు తేలలేదు," అన్నాడు ప్రెబెన్.

"ఇంటికెళ్ళి తేల్చుకోకూడదా?"

"ఇంట్లో ఏదైనా తేలితే ఇంతదూరం ఎందుకొస్తాం?"

"సరే, మీ ఇష్టం. పొగమంచుకి మాత్రం అరగంటలూ గంటలూ తెలీవు," అన్నాడు సాలిక్. అతను గ్రీన్‌లాండ్ గడ్డ మీద పుట్టినవాడు.

ప్రెబెన్ జెండా పాతడానికి గునపం దించాడు. జానెడు దిగి టంగుమంది. కింద గట్టి మంచు.

"చూశావా? ఇక్కడ నేల అడుగున ఎప్పటికీ కరగదు. ఎన్ని తరాలైనా మా అమ్మ చెక్కుచెదరదు."

"మీ అమ్మకి తగ్గ నేలే. పెట్టుకో నాయనా, పెట్టుకో. నా కాళ్ళు కొయ్యబారిపోయాయి."

జెండా నిలబెట్టారు. ఫొటో తీసుకున్నారు. పొట్ట కనబడుతోందని ప్రెబెన్ మళ్ళీ తీయించుకున్నాడు. ఈలోగా దక్షిణం నుంచి గాలి లేచింది. చుట్టూ మంచు ఫెళఫెళమని పగిలింది. "వేసవిలో మామూలే," అన్నాడు ప్రెబెన్. పొగమంచు వచ్చి ముందు దూరపు కొండల్నీ, తర్వాత జెండానీ, చివరికి వాళ్ళ కాళ్ళనీ మింగేసింది.

"ఇప్పుడు రాలేను. తెరిపిచ్చేదాకా కదలకుండా ఉండండి," అంది రేడియో.

కదలడానికి అక్కడేముంది? తెచ్చుకున్న రొట్టె రాయయింది. ఎక్కడున్నామో కొలిచి చెప్పే యంత్రం చలికి చచ్చిపోయింది. గుడారం తేలేదు, సాయంత్రానికి వెళ్ళిపోతాంగా అని. ఇద్దరూ రాళ్ళకుప్ప చాటున ఒకరినొకరు అతుక్కుని కూర్చున్నారు. అలా కూర్చుని చాలా ఏళ్ళయింది.

"వస్తాడా?" అంది బోడిల్.

"వస్తాడు."

"నిజం చెప్పు."

ప్రెబెన్ వంగి బూట్ల తాడు కట్టుకోసాగాడు. అది కట్టే ఉంది.

"ఇక్కడే పోతే మనమంటూ ఉన్నామని ఎవరికి తెలుస్తుంది?" అందామె.

"మ్యాపులో ఉంటాం కదా."

"మ్యాపులో ఉండేది మీ అమ్మ," అంది బోడిల్. ఆ మాటకి నవ్వబోయి ఇద్దరూ ఏడ్చారు. వేళ్ళకి స్పర్శ పోయింది. పెదాలు కదలడం మానేశాయి. కాసేపటికి భయపడే ఓపిక కూడా లేకపోయింది.

ఎంతసేపయిందో, పొగమంచు ఒక్కసారిగా విడిపోయింది. నెత్తిమీద నీలంగా ఆకాశం. రేడియో మళ్ళీ గరగరలాడింది.

"వచ్చేశాను! పొద్దున దించిన చోటే, సరిగ్గా దాని మీదే ఉన్నాను!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లేచారు. తలెత్తి చూశారు. ఆకాశం ఖాళీగా ఉంది. ఈగ చప్పుడు కూడా లేదు.

"మాకు కనబడట్లేదు సాలిక్," అంది బోడిల్.

"నాకూ మీరు కనబడట్లేదు. కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. మీ దీవేదమ్మా? ఎక్కడున్నారో తొందరగా చెప్పండి, నాకు పెట్రోలు అయిపోతోంది!"

బోడిల్ రేడియోని మొగుడి చేతిలో పెట్టింది. ప్రెబెన్ కాళ్ళ కింద జానెడు బురదని బూటుతో గీకి చూశాడు.

అయ్యా, అమ్మా, మీలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పి పుణ్యం కట్టుకోండి: నెత్తిన నాలుగు గులకరాళ్ళు పెట్టుకుని గాలివాటున కొట్టుకుపోయే మంచుగడ్డకి అడ్రసు ఎలా చెప్తారు?