సాయంత్రపు మంచు

కన్నబాబు సైకిలు వెనక టైరులో బూటు మేకు దిగిందని ముందుగా కనిపెట్టింది అతని తల్లి పోతమ్మే. టీ గ్లాసు అందించడానికి సైకిలు పక్కన పరిగెడుతున్నదల్లా కేక వేసింది.

"ఓలమ్మో! సక్రంలో గాలి పోతందిరా!"

మల్కాపురం మైదానంలో ముగ్గుపిండితో గీసిన గుండ్రటి బరి అది. అందులో కన్నబాబు వారం రోజులుగా సైకిలు దిగకుండా తిరుగుతున్నాడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిలు మీదే. ఇవాళ ఆఖరి రోజు. పొద్దుగూకేదాకా నేల మీద కాలు పెట్టకుండా తొక్కి, చివర్లో మంచు దిమ్మల మీదుగా నడిపిస్తే ఆ సైకిలు అతనిదే. వన్‌టౌన్‌లో సైకిల్ షాపు నడిపే నజీర్ అహ్మద్ అందరి ముందూ ఇచ్చిన మాట.

సైకిలు వస్తే ఉద్యోగం వస్తుంది. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు, కబుర్లు మోయడానికి సొంత సైకిలు ఉన్నవాణ్ణే పెట్టుకుంటానన్నాడు. ఉప్పుటేరు మధ్య దిబ్బ మీద బతికే కన్నబాబుకి పడవ తెడ్డు ఉంది గాని సైకిలు లేదు.

యువజన సంఘం ప్రెసిడెంటు భీమశంకరరావు మైకు పట్టుకుని వచ్చాడు.

"రిపేరు వస్తే సైకిలు ఆపుకోవచ్చు. కానీ తొక్కేవాడి కాలు నేలకి ఆనకూడదు. బల్ల వేసినా, ఎవరి భుజం ఎక్కినా దిగినట్టే. రూలు రూలే."

"మడిసి పైనుంటే ట్యూబు బయటికెలా వత్తాది బాబూ?" అంది పోతమ్మ.

"అది నాకు తెలీదమ్మా." భీమశంకరరావు నజీర్ వైపు వంగి గొంతు తగ్గించాడు. "వాడు దిగిపోతే సైకిలు మిగిలేది నీకే కదా భాయ్. మేకు దానంతటదే నడిచొచ్చిందంటావా?"

మైకు ఆపడం మరిచిపోయాడు. మైదానమంతా వింది.

నజీర్ బరి వైపే చూస్తున్నాడు. బరిలో రిమ్ము నేలని రాసుకుంటూ కరకరమంటోంది. కన్నబాబు తల ముందుకు వాలి, మళ్ళీ ఉలిక్కిపడి లేచింది.

"నజీర్ బావా, ఇంక నా వల్ల కాదు. దిగిపోతాను."

"దిగితే తంతాను. తొక్కు!"

నజీర్ మైదానం మూలకి పరిగెత్తాడు. అక్కడ ఊక కింద మంచు దిమ్మలున్నాయి. సాయంత్రం ఫీటు కోసం ఫిషింగ్ హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెప్పించినవి. తెల్లారకముందే దించేశావేంటి, సాయంత్రానికి సగం నీళ్ళే కదా అని ప్రెసిడెంటు అప్పటికే ఒకసారి నజీర్ మీద విసుక్కున్నాడు.

నజీర్ ఒక దిమ్మ మీద ఊక తుడిచాడు.

"నేల మీద కాలెట్టకూడదు. బాగుంది. మంచు మీదో?"

"మంచు సాయంత్రానికయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆఖరి రోజు మంచు మీద ఫీటు అని నోటీసులు పంచారు. పొద్దున్నో సాయంత్రమో అందులో ఎయ్యలేదు. వట్టి కాళ్ళతో మంచు మీద నిలబడ్డం ఫీటు కాదేటి?"

జనం ఈలలు వేశారు. "ఫీటే! ఫీటే!"

భీమశంకరరావు జనాన్ని చూశాడు, మైకుని చూశాడు. సరేనన్నాడు.

దిమ్మలు బరిలోకి దొర్లించారు. కన్నబాబు సైకిలు మీంచి నేరుగా మంచు మీదికి అడుగేశాడు. "సచ్చానే అమ్మా!" అని అతను గెంతుతుంటే జనం విరగబడి నవ్వారు. నజీర్ పక్క దిమ్మ మీద గోనెసంచి పరిచి అతన్ని కూలేశాడు.

"ఇదేంటి, కూర్చోబెట్టావు?" అన్నాడు ప్రెసిడెంటు.

"కాళ్ళు మంచు మీదే ఉన్నాయి కదండీ. ఫీటు కూకుని సేత్తన్నాడు."

వెనకనుంచి పోతమ్మ కొడుకు తలని తన పొట్టకి ఆనించుకుంది. నిమిషంలో గురక వినిపించింది.

మాటల మధ్యలో పంక్చరు వేసి పంపేసే నజీర్ ఆ పూట ఒక్క చిల్లుతో కుస్తీ పట్టాడు. ప్యాచ్ అతికించాడు. నీళ్ళలో ముంచి, "ఊహు, బుడగొస్తంది" అని పీకేశాడు. ఆ బుడగ ఇంకెవరికీ కనబడలేదు. మళ్ళీ గీకాడు, మళ్ళీ అతికించాడు. ఎండ నెత్తికెక్కాక గాలి కొట్టి, కన్నబాబుని తట్టి లేపాడు.

సాయంత్రానికి పొద్దుటి మంచంతా బురద. అయినా ఫ్యాక్టరీ నుంచి ఇంకో బండి వచ్చింది. కొత్త దిమ్మలు వరసగా పేర్చారు. సైకిలు ఒకసారి పక్కకి జారింది. పోతమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కన్నబాబు అవతల ఉన్నాడు.

నజీర్ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. భీమశంకరరావు మైకు ఆపాడో లేదో చూసుకుని, "పొద్దున్న నిన్ను అనుమానించాను. ఏమనుకోకు భాయ్" అన్నాడు.

"అంత మంచి మడిసిని అనుమానించడానికి మీకు నోరెలాగొచ్చింది బాబూ?" అంది పోతమ్మ. "ఆ మేకెట్టినోడి సేతులు పడిపోను!"

నజీర్ గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అలా తిట్టకమ్మా, రేపు ఈ సేతుల్తోనే షాపు తెరవాలి. పొద్దున్న నీ కొడుకు నిద్దట్లో తొక్కుతన్నాడు, ఇంకో గంటైతే పడిపోయీవోడు. సైకిలు పాడైతేనే గాని ఆపడానికి రూల్లేదు. అందుకే నాను ముందు మంచు తెప్పించాను, ఆ తరవాతే మేకెట్టాను."