తోడల్లుడి నూరు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు నిచ్చెనెక్కి తన బోర్డు మీది ‘నూటికి అరవై మంది పాస్’ను కసిగా గీకేస్తున్నాడు. ఎదుటి బోర్డు తోడల్లుడిది: ‘నూటికి నూరు!’ దాన్ని చూసి మూడేళ్ళుగా కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాడు.

"అక్కడ చేరక ఇక్కడికెందుకమ్మా?" కింద నిలబడ్డ టీచరమ్మ మీద విసుక్కున్నాడు.

"అక్కడే నేర్చుకున్నానండీ. పరీక్ష రేపనగా, తప్పేలా ఉన్నానని నా పేరు కొట్టేశారు. ఇలాంటివాళ్ళని మీ దగ్గరికే పొమ్మంటారట."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. మొన్నటి నర్సమ్మ, అంతకుముందు వణుకుతూ వచ్చిన ముసలాయన... అందరూ అక్కడ వద్దన్నవాళ్ళే. ఇక్కడ పాసయ్యారు.

"ఏమేవ్, రంగు డబ్బా తే!"

"మీరూ నూరని రాస్తారా?" లోపల్నుంచి భార్య అడిగింది.

"అరవయ్యే. వాడి నూరుకంటే పెద్ద అక్షరాలతో!"